ఒక బడిపంతులు, రెండు కప్పులు: 1950వ సంవత్సరపు హైదరాబాదు ఫుట్‌బాలు

మన విద్యార్థులలో అనేకులు 2024వ సంవత్సరమున వెలువడిన 'మైదాన్' అను హిందీ చలనచిత్రమును చూచియుందురు. అందలి కథానాయకుడు సయ్యద్ అబ్దుల్ రహీం అను హైదరాబాదు వాస్తవ్యుడు. ఆ కథ 1952వ సంవత్సరపు హెల్సింకి ఒలింపిక్ పరాజయముతో మొదలై, 1962వ సంవత్సరమున జకార్తాలో మన దేశము బంగారుపతకమును గెలుచుటతో ముగియును. చిత్రమును మాత్రమే చూచినవారికి రహీం గారు 1952లో ఆకాశమునుండి ఊడిపడినట్లు తోచును. అట్లు కాదు. అంతకు రెండేండ్లకు ముందే, 1950వ సంవత్సరమున, హైదరాబాదు నగర పోలీసుజట్టు బొంబాయిలో రోవర్సు కప్పును, ఢిల్లీలో డ్యురాండు కప్పును ఒకే ఏట గెలిచినది. ఆనాడు కరీంనగరము, ఆదిలాబాదు హైదరాబాదు రాష్ట్రములోని జిల్లాలే గనుక ఆ గెలుపులో మనకును భాగము కలదు. అది యెట్లు లభించినదో, దాని వెనుక ఎవరి శ్రమ యుండెనో తెలుపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట ఆ కప్పుల సంగతి చెప్పవలెను. డ్యురాండు కప్పు 1888లో సిమ్లాలో పుట్టినది. రోవర్సు కప్పు బొంబాయిలో 1891లో మొదలైనది. రెండును బ్రిటిషు సైనికుల వినోదమునకై ఏర్పడిన పోటీలే. చాలకాలము ఒక పటాలము ఓడిన మరియొక పటాలము గెలుచుచుండెను గాని, ఈ దేశపు జట్టుచేతికి కప్పు చిక్కుట లేదు. 1911వ సంవత్సరము జూలై 29వ తేదీన కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు ఈస్టు యార్కుషైరు పటాలమును 2–1 గోళ్లతో ఓడించి షీల్డును గెలిచినప్పుడు దేశమంతయు ఉప్పొంగినది. ఆ ఆటగాండ్రలో అత్యధికులు వట్టికాళ్లతో ఆడినవారు. పిమ్మట 1937లో బెంగుళూరు ముస్లిముల జట్టు రోవర్సు కప్పును, 1940లో మహమ్మదన్ స్పోర్టింగు జట్టు డ్యురాండు కప్పును గెలిచి, ఆ రెండు కోటలను గూడ ఛేదించిరి.

రోవర్సు కప్పు మొదలైన ఆ 1891వ సంవత్సరముననే, భూగోళమున మనకు మిక్కిలి దూరముననున్న ఆర్జెంటీనా దేశమున, బ్యూనస్ ఐరిస్ నగరమందు మొదటి ఫుట్‌బాలు లీగు జరిగినది. లీగు అనగా ఒక్కసారి ఓడినవాడు ఇంటికి పోవు పోటీ కాదు. అందరును అందరితో ఆడి, పాయింట్లను కూడి లెక్కించుకొందురు. ఆ యేడు సెయింట్ ఆండ్రూస్, ఓల్డు కలెడోనియన్సు అను రెండు జట్లు సమానముగా నిలువగా, మరల ఒక ఆట ఆడించిరి. సెయింట్ ఆండ్రూస్ వారు 3–1 గోళ్లతో గెలిచిరి. మరుసటి యేడు లీగే జరుగలేదు! ఆట నాటుకొనునో లేదో తెలియని ఆ సమయమున దానిని నిలిపినవాడు అలెగ్జాండరు వాట్సన్ హట్టన్ అను ఉపాధ్యాయుడు.

ఈయన స్కాట్లండులోని గ్లాస్గో నగరమున 1853లో జన్మించెను. 1882లో సెయింట్ ఆండ్రూస్ స్కాచి పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడై బ్యూనస్ ఐరిసుకు వెళ్లెను. విద్యార్థులకు ఆటస్థలము, వ్యాయామశాల కావలెనని ఆయన కోరగా పాఠశాలాధికారులు అంగీకరింపలేదు. అంతట ఆయన ఆ యుద్యోగమును వదలి, 1884లో ఇంగ్లీషు హైస్కూలు అను పేరుతో స్వంత పాఠశాలను స్థాపించి, అందు ఫుట్‌బాలును పాఠ్యక్రమములో చేర్చెను. ఆయనకై తోలుబంతులు ఓడలో వచ్చినప్పుడు, గాలిలేక ముడుచుకొనియున్న ఆ తోలు దేనికో తెలియక సుంకపు కచేరివారు తికమకపడిరని చెప్పుదురు. 1893వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీన లీగును మరల స్థాపించినప్పుడు ఆయనయే అధ్యక్షుడు. ఆయన పాఠశాల జట్టు 1900లో మొదటిసారి గెలిచినది. జట్టులకు పాఠశాలల పేరుండరాదని నియమము రాగా, పూర్వవిద్యార్థులు 1901లో 'అలుమ్ని' అని పేరు మార్చుకొని, 1911 వరకు జరిగిన పన్నెండు లీగులలో మొత్తము పదింటిని గెలిచిరి. ఆటను ప్రేమించు దేశములలో నేడు అగ్రగణ్యమగు ఆర్జెంటీనాలో ఆ ఆటకు తండ్రియని పిలువబడువాడు గోళ్లు కొట్టిన వీరుడు కాడు, ఒక పంతులు. హైదరాబాదు కథయు అట్టిదే యగుటచేత ఇంత దూరము పోయి రావలసివచ్చినది.

ఇక మన నగరమునకు వత్తము. సికింద్రాబాదు దండుప్రదేశమున సైనికులు ఆడుచుండగా, చుట్టుప్రక్కల పిల్లలు చూచి నేర్చుకొనిరి. మైదానము వెలుపలికి వచ్చిన బంతిని పరుగెత్తి అందించుటయే అనేకులకు మొదటి పాఠము. 1939లో నగర పోలీసుజట్టు ఏర్పడినది. 1943లో ఆ జట్టు బెంగుళూరికి పోయి ఆష్ గోల్డు కప్పును గెలుచుకొని వచ్చినది. అదే 1943లో రహీం గారు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియైరి. మరణించువరకు, అనగా ఇరువదియేండ్లు, ఆ పదవిలో నుండిరి.

రహీం గారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రులై, అచ్చటి జట్టులో ఆడి, పిమ్మట ఉపాధ్యాయవృత్తిని స్వీకరించిరి. కాచిగూడ మిడిలు స్కూలు, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పనిచేసిన తావులు. తరువాత వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, పాఠశాలలలో వ్యాయామ శిక్షణమును నిర్వహించిరి. ఈ జీవితచరిత్రలో కప్పుల కంటె ముఖ్యమైనవి ఆ పాఠశాలల పేర్లేయని నా యభిప్రాయము. ఏలయనగా ఆయన ఆటగాండ్రకు నేర్పిన పద్ధతి తరగతి గదిలో పుట్టిన పద్ధతి.

ఆ పద్ధతిని కొంచెము విప్పి చెప్పవలెను. రహీం గారు బాలురకు వింత నియమములతో పోటీలు పెట్టుచుండిరి. ఒక పోటీలో బంతిని కాలితో త్రిప్పుకొనుచు, ఎదుటివానిని తప్పించుకొనుచు ముందుకు పోరాదు. బంతి వచ్చినతోడనే తోటివానికి అందింపవలెను. మరియొక పోటీలో బలమైన కాలిని విడిచి, బలహీనమైన కాలితోనే ఆడవలెను. చూచువారికి ఇది పరిహాసముగా నుండవచ్చును. మన గ్రామములలో చిర్రగోనె ఆడు బాలుని చూడుడు. ఎప్పుడును కుడిచేతితోనే కొట్టును. ఎడమచేతికి కర్రనిచ్చినచో సిగ్గుపడి నవ్వును. ఆ సిగ్గే శత్రువు. ఎడమకాలు రానివాడు బంతిని కుడికాలి వైపునకు జరుపుకొనుటకై ఒక అడుగు వ్యర్థపరచును. ఆ అడుగులోనే ఎదుటివాడు వచ్చి బంతిని లాగికొనును. పోటీ నియమమే బలహీనమైన కాలిని అడిగినప్పుడు బాలునికి వేరుదారి లేదు. పదిమంది యెదుట తప్పులు చేయుచునే నేర్చుకొనును. అందరును తప్పుచేయువారే గనుక నవ్వువాడును ఉండడు.

మొదటి నియమము మరింత లోతైనది. ఎంత వేగముగా పరుగెత్తువాడైనను బంతియంత వేగముగా పరుగెత్తలేడు. మనుష్యునికి ఆయాసము కలదు, బంతికి లేదు. కనుక తాను పరుగెత్తుటకంటె బంతిని పరుగెత్తించువాడు గెలుచును. అయితే బంతిని తక్షణమే అందింపవలెనన్నచో, అది తనయొద్దకు రాకముందే తోటివాడెచ్చట నిలిచియున్నాడో చూచియుండవలెను. అనగా కాళ్లకంటె ముందుగా కన్నులు పనిచేయవలెను. నేర్పుగల బాలుడు ఒక్కడే బంతినంటి పెట్టుకొని, మిగిలిన పదిమందిని వేడుక చూచువారిగా చేయుట మన పాఠశాల మైదానమునందు సైతము ప్రతిదినము చూచుచున్నదే. అట్టివానికి ఎన్నిమార్లు చెప్పినను వినడు. రహీం గారు చెప్పుటను మాని, నియమమును మార్చిరి. బోధనశాస్త్రమును చదివినవారికి ఇందలి తెలివి వేరుగా చెప్పనక్కరలేదు.

1943 మొదలు 1950 వరకు ఏడేండ్లు. పదునాలుగేండ్ల బాలుడు ఇరువదియొక్క యేండ్లవాడగుటకు పట్టు కాలమది. ఆ యేడేండ్లు ఆయన నగరమున వయస్సుల వారీగా బాలుర పోటీలను నడపి, ఆటను క్రిందినుండి కట్టుకొని వచ్చిరి. 1950లో పోలీసుజట్టు శిక్షణభారము ఆయన చేతికి వచ్చినది.

ఆ కాలమెట్టిదో గుర్తుంచుకొనవలెను. 1948 సెప్టెంబరులో సైనికచర్య జరిగి హైదరాబాదు భారతదేశమున కలిసినది. 1950 జనవరి 26వ తేదీన గణతంత్రమేర్పడినది. మన తెలంగాణ జిల్లాలలో సాయుధపోరాటమింకను ముగియలేదు. అది 1951 అక్టోబరులో గాని ఆగలేదు. పోలీసువాడనగా గ్రామములలో భయమే గాని ప్రీతి లేని దినములవి. అట్టి వేళ అదే శాఖకు చెందిన పదునొకండుగురు నిక్కర్లు తొడుగుకొని బొంబాయికి పోయి, కూపరేజి మైదానమున రోవర్సు కప్పును గెలిచిరి. నూర్ మహమ్మదు, అజీజుద్దీను, మొయినుద్దీను మున్నగువారు ఆ జట్టు పేరును దేశమంతట వినిపించినవారు.

పిమ్మట ఢిల్లీలో డ్యురాండు పోటీ. కొన్నియేండ్లు నిలిచిపోయిన ఆ పోటీ 1950లోనే మరల ఆరంభమైనది. కడపటి ఆటలో ఎదురైనవారు మోహన్ బగాన్, 1911లో షీల్డును గెలిచిన ఆ జట్టే. ఆనాడు మన దేశమున ఆట 90 నిమిషములు కాదు, 70 నిమిషములే. మొదటిదినమున ఉభయులు సమానముగా నిలిచి, గెలుపోటములు తేలలేదు. నేటివలె పెనాల్టీలు కొట్టి తేల్చు ఆచారము అప్పుడు లేదు. ఇంకొకదినము మరల ఆడవలసినదే. అలసిన కాళ్లతో రెండవసారి ఆడునప్పుడు పరుగును పొదుపుగా వాడుకొన్నవానికే మేలు. ఆ రెండవ ఆటలో పోలీసులు ఒక్క గోలుతో గెలిచిరి. బంతిని పరుగెత్తించి మనుష్యుని కాపాడు పాఠము ఇట్టి దినమునకే గదా!

రోవర్సు కప్పు 1950తో ఆగలేదు. 1951, 1952, 1953, 1954 సంవత్సరములలో సైతము పోలీసులదే. వరుసగా ఐదేండ్లు! ఆ పోటీ 2001 ప్రాంతమున అంతరించువరకు మరి యే జట్టును అట్లు చేయలేదు. డ్యురాండు కప్పును 1954లో మరల గెలిచిరి.

వీరందరు 'అమెచ్యూరు' ఆటగాండ్రు, అనగా ఆడినందుకు కూలి తీసికొననివారు. ఈ మాటను గూర్చి కొందరు తల్లిదండ్రులు నన్నడుగుచుందురు: ఆటవలన అన్నము దొరకునా అని. ఆనాడు ఆటకు జీతము లేదు. పోలీసుశాఖ ఉద్యోగమిచ్చెడిది. ఆ జీతముతో ఇల్లు గడచెడిది. ఉద్యోగము ఆటనుబట్టి వచ్చినది గనుక ఇది శుద్ధమైన అమెచ్యూరుతనము కాదని వాదించువారు కలరు. నాకు ఆ వాదమునందు సానుభూతి లేదు. తండ్రి ఆస్తి యున్నవాడే కూలి లేక ఆడగలడు, పేదవాడెట్లాడును? బ్యూనస్ ఐరిస్ నందును మొదట దొరల పాఠశాలల బాలురు ఆడినంతకాలము డబ్బు మాట రాలేదు. 1905లో రేవుపేట బాలురు బోకా జూనియర్సును స్థాపించి, పనివాండ్రు ఆటలోనికి వచ్చిన పిమ్మట, చాటుమాటుగా డబ్బిచ్చుట ప్రబలి, కడకు 1931లో బాహాటముగా జీతపు లీగు ఏర్పడినది. చాటున ఇచ్చు సొమ్ముకంటె పోలీసు చిట్టాలో వ్రాసి ఇచ్చు జీతము గౌరవప్రదమైనది.

బూట్ల సంగతి యొకటి చెప్పవలెను. మా బాలురు 'బూట్లు లేవు, ఎట్లాడుదుము?' అందురు. 1948లో లండను ఒలింపిక్కులలో మన జట్టులో చాలమంది వట్టికాళ్లతో ఆడి, ఫ్రాన్సుచేతిలో 2–1 గోళ్లతో మాత్రమే ఓడిరి. కాని 1952లో హెల్సింకి చలిలో యుగోస్లావియా 10–1 గోళ్లతో ఓడించినది. వట్టికాలు ఎండిన నేలమీద బంతిని చక్కగా అనుభవించును. చిత్తడినేల మీద జారును, చలికి మొద్దుబారును. ఆ పరాజయము తరువాత బూట్లు తప్పనిసరియైనవి. కాబట్టి బూట్లు వద్దని నేననను. అయితే అవి లేనందున ఆట ఆగవలసినదియు కాదు. సికింద్రాబాదు సమీపమున అమ్ముగూడలో పేదకుటుంబమున పుట్టిన తులసీదాసు బలరాం, పాత పోలీసుబూట్ల తోలుతో చెప్పులు కుట్టువానిచేత బూట్లు చేయించుకొని ఆడినవాడు. రహీం గారు ఆ బాలుని చూచి, అభ్యాసమునకు వచ్చుటకు అద్దెసైకిలుకు డబ్బులిచ్చిరి. అతడే 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్కులకును, 1960లో రోముకును వెళ్లెను. 2023 ఫిబ్రవరిలో మరణించినాడు.

ఇచ్చట ఒక మాట మనస్సున బాధతోనే వ్రాయుచున్నాను. పైన పేర్కొన్న హైదరాబాదు ఆటగాండ్రందరు జంటనగరముల వీధులలో పెరిగినవారే. మానేరు ఒడ్డున గాని, ఆదిలాబాదు అడవిప్రాంతమున గాని పరుగెత్తు బాలురకు కాళ్లలో బలము తక్కువయై కాదు. రహీం గారి పోటీలు నగరపు పాఠశాలల చుట్టు జరిగినవి. ఆ బాలురను చూచు కన్ను దగ్గరనే యుండెను. మన బాలుర చెంతకు అట్టి కన్ను రాలేదు. వార్షిక పరీక్షలు సమీపించినపుడు మొదట కొట్టివేయబడునది ఆటల గంటయే. హట్టన్ గారు ఆ గంటకొరకు ఉద్యోగమును వదలుకొనిరి. మనలో నెవ్వరును అంతపని చేయనక్కరలేదు గాని, ఆ గంటను లెక్కల తరగతికి అప్పగించునప్పుడు కనీసము కొంచెము తడబడవచ్చును.

మిగిలిన చరిత్ర మీరెరిగినదే. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో రహీం గారి శిక్షణలో మన దేశము ఇరానును 1–0తో ఓడించి బంగారుపతకమును గెలిచినది. 1953లో హంగరీ జట్టు ఇంగ్లండును వారి స్వంత మైదానముననే 6–3తో ఓడించిన తీరును ఆయన శ్రద్ధగా గమనించి, ఆ వ్యూహమును మన జట్టునకు నేర్పిరి. 1956లో మెల్‌బోర్నున ఆస్ట్రేలియాపై 4–2తో గెలిచి, మనవారు నాలుగవ స్థానమున నిలిచిరి. 1962 సెప్టెంబరు 4వ తేదీన జకార్తాలో దక్షిణకొరియాపై 2–1 విజయము. అప్పటికే ఆయనను క్యాన్సరు వ్యాధి పట్టియుండెను. 1963 జూన్ 11వ తేదీన మరణించిరి. కుమారుడు హకీం రోము ఒలింపిక్ జట్టులోనుండి, పిమ్మట అంతర్జాతీయ రిఫరీయయ్యెను.

బ్యూనస్ ఐరిసులో అలుమ్ని జట్టు 1911 గెలుపు పిమ్మట చెదరిపోయి, 1913లో మూయబడినది. మిగిలిన సొమ్మును ధర్మసంస్థలకు పంచియిచ్చిరి. ఆ 1913లోనే రేసింగు అను జట్టు, ఆ నేల పుత్రులతో నిండినది, లీగును గెలిచి, 1919 వరకు ఏడేండ్లు ఎవరికిని విడువలేదు. పంతులు పోయినను ఆట పేటలలోనికి పాకినది.

హైదరాబాదులో అట్లు జరుగలేదు. రాష్ట్రముల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీని హైదరాబాదు వరుసగా 1956–57, 1957–58లలో గెలిచినది. ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965–66లో ఒకసారి గెలిచినది. ఆ పిమ్మట అది తెలుగునేలకు మరల రాలేదు. 2024 డిసెంబరు 31వ తేదీన ఆ ట్రోఫీ కడపటి ఆట హైదరాబాదులోని గచ్చిబౌలి మైదానముననే జరిగినది. ఆడినవారు బెంగాలువారు, కేరళవారు.